పుత్తూరు సీటు ఎందుకు తీసేసినారు, ముద్దుకృష్ణమనాయుడు 858 ఓట్లతో ఎట్ల ఓడిపోయినాడు?

వడమాలపేట_కుర్రోడు:

అన్నలూ ఒక డౌటు, పెద్దోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. మాది వడమాలపేట మండలం, నాకు ఓటు వచ్చింది 2019లో, అప్పట్నుంచీ నాకు తెలిసిందల్లా నగరి నియోజకవర్గమే. మా నాయన మాత్రం ఇప్పటికీ "మన పుత్తూరు సీటు" అనే అంటాడు. పుత్తూరులో ఐదుసార్లు గెలిచిన గాలి ముద్దుకృష్ణమనాయుడు నగరికి పోయి ఒక్కసారి గెలిచి, 2014లో రోజా మీద 858 ఓట్లతో ఓడిపోయినాడు కదా. మా నాయన లెక్కలో సీటు తీసేసిన రోజే ఆయన పని అయిపోయింది. మా మేనమామ ఏమో అదేం కాదు, ఆమె రెండుసార్లు ఓడిపోయినా వదల్లేదు, అందుకే గెలిచింది అంటాడు. ఈ ఇద్దరి మధ్య ఈ చర్చ పదేళ్ళుగా నడస్తా ఉంది, ఒకరి మాట ఒకరు వినేది లేదు.

నాకు పార్టీల గొడవ వద్దు. పల్లెటూర్ల ఎమ్మెల్యే ఒకాయన అన్నేళ్ళు ఎట్ల నిలబడినాడు, సీటు మారితే నిజంగా ఏం పోతుంది, అది తెలుసుకోవాలని. "మీ పార్టీ మా పార్టీ" అని మొదలుపెట్టొద్దండి దయచేసి.

ఈశ్వరాపురం_పెద్దాయన:

తమ్ముడూ, నేను 83 నుంచి 2009 దాకా బూతులో ఏజెంటుగా కూర్చున్నోడిని. ఏ పార్టీకి అని అడగొద్దు, రెండింటికీ కూర్చున్నా.

ముందు 83 సంగతి తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. ఎన్టీఆర్ పార్టీ పెట్టింది 1982 మార్చి 29న, ఎన్నికలు 1983 జనవరిలో, అంటే తొమ్మిది నెలలు. ఆయనే గుడివాడతో పాటు మన తిరుపతిలోనూ నిలబడినాడు, రెండు చోట్లా గెలిచినాడు, ఆయన ఈడ నిలబడిన దెబ్బకు జిల్లా అంతా ఊగిపోయింది. పక్కన చంద్రగిరిలో అప్పటికే మంత్రిగా చేసిన చంద్రబాబు కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయినాడు, ఇప్పటి పిల్లోళ్ళకి చెప్తే నమ్మరు. అదే ఎన్నికల్లో ముద్దుకృష్ణమనాయుడు పుత్తూరులో మొదటిసారి గెలిచినాడు, వయసు ముప్పై ఐదు. ఆ తర్వాత 85, 89, 94, 2004. ఇందులో 89 గెలుపే అసలైంది అంటాను నేను, ఎందుకంటే ఆ సారి రాష్ట్రంలో టీడీపీ కొట్టుకుపోయి కాంగ్రెస్ వచ్చింది, అయినా పుత్తూరు ఆయన్ని వదల్లేదు.

అంతకు ముందు ఎమ్మెల్యే అంటే ఎట్ల ఉండేది అంటే, సమితి ప్రెసిడెంటు, ఊర్లో కరణం, మునసబు, ఇంకో ఇద్దరు పెద్దరైతులు, వీళ్ళు ఒక మాట అనుకుంటే ఊరు ఊరంతా ఆ గుర్తుకే గుద్దేది. ఎమ్మెల్యేకి ఓటరుతో పని లేదు, ఈ నలుగురితోనే పని. 84లో ఎన్టీఆర్ కరణం మునసబులను తీసేసినాడు, ఆ వెనకే సమితులు పోయి మండలాలు వచ్చినాయి. ఆఫీసు దగ్గరికొచ్చింది, మధ్యలో పెద్దమనిషి పోయినాడు, దాంతో జనం నేరుగా ఎమ్మెల్యే ఇంటికే పోవడం మొదలుపెట్టినారు. ఆ టైములో గెలిచినోళ్ళు ఊరూరికీ తిరిగి, మనిషి మనిషినీ తెలుసుకోని గట్టిగా పాతుకున్నారు. మన జిల్లాలో ఆ బ్యాచ్ వాళ్ళు ఇరవై ముప్పై ఏళ్ళు ఎందుకు నడిచినారంటే ఇదీ కారణం, సినిమా గ్లామరు ఒక్కటే కాదు.

ఇప్పుడు కూడా మన వైపు ఏ ఎమ్మెల్యే ఇంటికైనా పొద్దున ఆరున్నరకు పోయి చూడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల పీఏ లెటర్‌ప్యాడు పెట్టుకోని కూర్చోనుంటాడు. వచ్చినోళ్ళలో సగం మంది తిరుమల దర్శనం లెటర్ కోసం, అది మన జిల్లా ఎమ్మెల్యేలకి దేవుడిచ్చిన వరమూ శాపమూ రెండూ. బెంగుళూరు నుంచి అల్లుడు వస్తాడు, లెటర్ కావాలి. ఇచ్చినోడు గుర్తుండడు, ఇయ్యనోడు చచ్చేదాకా గుర్తుంటాడు. మిగతా సగం పాస్‌బుక్కులో పేరు తప్పు పడింది తహసీల్దారుకి ఒక ఫోన్ కొట్టండి అని, స్విమ్స్ ఆసుపత్రిలో బెడ్డు ఇప్పించండి అని, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది వారమైంది అని. పది గంటలకు బండెక్కితే నాలుగు పెళ్ళిళ్ళు, రెండు పెద్దకర్మలు. పెళ్ళికి రాకపోయినా సర్దుకుంటారు, పెద్దకర్మకు రాకపోతే మాత్రం ఆ ఇంటి ఓట్లు పోయినట్టే లెక్క. అసెంబ్లీలో ఏం మాట్లాడినాడు అని నన్ను ఈ నలభై ఏళ్ళలో ఒక్కడు అడగలేదు.

ఈ పరిచయమంతా ఊర్లతో ఉంటుంది తమ్ముడూ, పార్టీతో కాదు. మధ్యలో ఆయన కొన్నాళ్ళు కాంగ్రెస్‌కి పోయి మళ్ళీ టీడీపీకి వచ్చినాడు, అయినా మనుషులు నిలబడినారు కదా. ఊర్లు పోతే మాత్రం సున్నా నుంచి మొదలు. మీ నాయన చెప్పేది అదే, దాంట్లో నిజముంది.

తిరుపతి_వకీలు:

పెద్దాయన బాగా చెప్పినారు. సీటు ఎందుకు పోయింది అన్నదానికి నేను చెప్తాను, చాలామంది దీన్ని ఎవరో కావాలని పన్నిన కుట్ర అనుకుంటారు.

2001 జనాభా లెక్కల ప్రకారం డీలిమిటేషన్ కమిషన్ నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీసింది, అది అమల్లోకి వచ్చింది 2009 ఎన్నికల్లో. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం సీట్లు 294, అది మారలేదు. జనం పెరిగింది హైదరాబాద్ రంగారెడ్డి వైపు, కాబట్టి అక్కడ సీట్లు పెంచాలంటే పల్లె జిల్లాల్లో తగ్గించాల్సిందే. మన చిత్తూరు జిల్లాకి 15 ఉండేవి, 14 అయినాయి. కానీ ఒక్క సీటు తీసేసి ఊరుకోలేదు, మొత్తం కదిలించినారు. పుత్తూరు, వాయల్పాడు, వేపంజేరి మూడూ పోయినాయి, గంగాధరనెల్లూరు, పూతలపట్టు రెండు కొత్తగా వచ్చినాయి, రెండూ ఎస్సీ రిజర్వుడు. అప్పటిదాకా ఎస్సీ సీటుగా ఉన్న పలమనేరు జనరల్ అయింది. చిత్తూరు ఎంపీ సీటు ఎస్సీకి పోయింది.

ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తగిలింది ఇది. వాయల్పాడు పోతే కిరణ్‌కుమార్ రెడ్డి పీలేరుకి పోయి గెలిచి స్పీకర్ అయి, 2010 నవంబరులో ఏకంగా ముఖ్యమంత్రి అయినాడు. అప్పటిదాకా పీలేరులో ఉన్న పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి పుంగనూరుకి జరిగి అక్కడ 2009 నుంచి 2024 దాకా నాలుగుసార్లు గెలిచినాడు. వేపంజేరి పోతే కుతూహలమ్మ గంగాధరనెల్లూరులో గెలిచింది. కాబట్టి సీటు పోతే మనిషి అయిపోతాడు అనే రూలేం లేదు, మీ నాయనగారి వాదనకి ఇది అడ్డం వస్తుంది. అయితే వీళ్ళు జరిగిన చోట పరిస్థితి వేరు, ముద్దుకృష్ణమనాయుడు జరిగిన నగరిలో అప్పటికే రెడ్డివారి చెంగారెడ్డి కాంగ్రెస్ తరఫున ఏళ్ళ తరబడి బలంగా ఉన్నాడు. ఖాళీ ఇంట్లో దిగడం వేరు, కాపురం ఉన్న ఇంట్లో దిగడం వేరు.

పుత్తూరు, వడమాలపేట తీసుకెళ్ళి నగరి, నిండ్ర, విజయపురం మండలాలతో కలిపినారు. పుత్తూరుకి కూతవేటు దూరంలో ఉండే నారాయణవనం ఏమో సత్యవేడులో ఉంది, అది తిరుపతి ఎంపీ సీటు కిందకి వస్తుంది, పుత్తూరు చిత్తూరు ఎంపీ కిందకి. ఇది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి, నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. అంటే మీ ఎమ్మెల్యే ఒక్కడే, కలెక్టర్లు ఇద్దరు, ఎస్పీలు ఇద్దరు. ఏదన్నా మీటింగ్ పెట్టాలంటే ఏ జిల్లాకి పోవాల్నో ఎమ్మెల్యేకే తికమక.

మళ్ళీ పుత్తూరు సీటు వస్తుందా అని అడుగుతారు కాబట్టి: విభజన చట్టం సెక్షన్ 26లో ఏపీకి 175ని 225 చేయాలని రాసుంది, కానీ 2026 తర్వాత వచ్చే జనాభా లెక్కలు అయితేగానీ సీట్లు కదపడానికి లేదు అని రాజ్యాంగం 170లో ఉంది. అది అయ్యేదాకా ఆశ పెట్టుకోవచ్చు, అంతకు మించి ఏం లేదు.

నగరి_మగ్గం:

మీరందరూ పుత్తూరు వైపు నుంచే మాట్లాడతా ఉండారు, నగరోళ్ళ మాట కూడా రవంత వినండి.

మా వైపు సగం ఇండ్లల్లో అరవం, పేపరు కూడా అరవ పేపరే, పనికి పోయేది మద్రాసు, పెండ్లి సంబంధాలు తిరుత్తణి, అరక్కోణం. మగ్గాల మీద బతికే జనం ఈడ జాస్తి, పవర్‌లూమ్ కరెంటు బిల్లు ఎంత వస్తుంది, నూలు రేటు ఎంత, మేస్త్రీ కూలి పెంచినాడా లేదా, ఇదే రాజకీయం మాకు. పుత్తూరులో కూడా మగ్గాలు ఉండాయి కానీ ఆ వైపు పల్లెల్లో చెరుకు, మామిడి, పాలు. ఈ రెండూ ఒక ఎమ్మెల్యే చూసుకోవాలంటే ఆయన మాట్లాడే భాష కూడా రెండు రకాలుగా ఉండాల.

మాకు చెంగారెడ్డి తెలుసు. 94లో ఒక్కసారి సినిమా ప్రొడ్యూసర్ దొరస్వామిరాజు టీడీపీ నుంచి గెలిచినాడు, అప్పటికే నగరికి సినిమావాళ్ళు కొత్త కాదు చూసుకోండి. 2004లో రోజా టీడీపీ టికెట్ మీద మా నగరిలోనే నిలబడి చెంగారెడ్డి చేతిలో ఓడిపోయింది. 2009కి ముద్దుకృష్ణమనాయుడి సీటు గల్లంతు అయింది కాబట్టి ఆయనకి నగరి ఇచ్చి ఆమెను చంద్రగిరికి పంపినారు, ఆడ గల్లా అరుణకుమారి మీద ఓడిపోయింది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. పుత్తూరు సీటు పోకుండా ఉండుంటే ఆమె నగరిలోనే టీడీపీ నుంచి ఉండేదేమో, పార్టీ మారేదే కాదేమో. 2014లో ఆయన్ని ఓడించిన మనిషిని ఆయన ఎదురుగా తెచ్చి నిలబెట్టింది కూడా ఆ డీలిమిటేషనే అని నేనంటాను.

ఆమె వైసీపీలో చేరి మళ్ళీ నగరికే వచ్చింది. వచ్చి ఇండ్లల్లోకి దూరింది, అరవోళ్ళతో అరవంలో, మనోళ్ళతో తెలుగులో. ఆమె భర్త సెల్వమణి తమిళ డైరెక్టరు కదా, ఆ వైపు అది కూడా పనిచేసింది. గాలి ఆయన మంచోడు కాదని కాదు, మాకు ఆయన పుత్తూరు మనిషి, అంతే. ఐదేళ్ళు ఎమ్మెల్యేగా ఉన్నా విజయపురం వైపు పల్లెల్లో "పుత్తూరాయన" అనే పిలిచేది.

లెక్కల_సారు:

ఇంతవరకు మాటలే, అంకెలు ఎవరూ పెట్టలేదు కాబట్టి నేను పెడతాను.

2014 మే 7న పోలింగ్, 16న కౌంటింగ్. రోజాకి 74,724, ముద్దుకృష్ణమనాయుడికి 73,866. తేడా 858. చాలామంది 858 మంది ఇంకా వచ్చుంటే అంటారు, అది ఒక లెక్క. ఇంకో లెక్క చూడండి, అటు వేసినోళ్ళలో 430 మంది ఇటు వేసుంటే ఫలితం తారుమారు. రెండు మున్సిపాలిటీలు, ఐదు మండలాలు ఉన్న నియోజకవర్గంలో 430 అంటే బూతుకి ఇద్దరో ముగ్గురో. పెద్దాయన చెప్పిన పెద్దకర్మల లెక్క ఇక్కడ పనికొస్తుంది, నవ్వుకోకండి. ఒక ఇంట్లో ఆరు ఓట్లు అనుకుంటే 72 ఇండ్లు.

అందుకే ఇంత చిన్న తేడాకి ఒకే ఒక్క కారణం వెతకడం దండగ అని నా అభిప్రాయం. డీలిమిటేషన్ అన్నా కరెక్టే, రోజా తిరుగుడు అన్నా కరెక్టే, మద్రాసు నుంచి రావాల్సిన ఒక బస్సు రాలేదు అన్నా కరెక్టే, మన రాష్ట్రంలో ఎమ్మెల్యే ఎన్నికల్లో మొదటిసారి నోటా బటన్ పెట్టింది ఆ ఏడాదే, అది అన్నా కాదనలేం. ఆ ఏడాది రాష్ట్రంలో టీడీపీ గెలిచింది, చంద్రబాబు ముఖ్యమంత్రి అయినాడు, అంటే 89కి సరిగ్గా ఉల్టా. అప్పుడు పార్టీ ఓడి ఆయన గెలిచినాడు, ఇప్పుడు పార్టీ గెలిచి ఆయన ఓడినాడు. ఇది మీ నాయన వైపు పాయింటే, సొంత ఊర్లు ఉన్నప్పుడు ఎదురుగాలిని తట్టుకున్నాడు, ఊర్లు సగం అయ్యాక వెనకగాలి కూడా సరిపోలేదు.

2019: రోజా 80,333, ఈ సారి ఎదురుగా ఆయన కొడుకు భానుప్రకాష్ 77,625, తేడా 2,708. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ ఏడాది వైసీపీకి 151 సీట్లు, రాష్ట్రమంతా ఊడ్చేసింది, అట్లాంటి ఊపులో కూడా నగరి మెజారిటీ మూడు వేలు దాటలేదు. 2024: భానుప్రకాష్ 1,07,797, రోజా 62,793, తేడా 45,004. పదేళ్ళలో 858 నుంచి నలభై ఐదు వేలు, అదీ అటు నుంచి ఇటు. ఎన్నికల ముందు నగరి మండలాల వైసీపీ నాయకులే ఆమెకి టికెట్ ఇవ్వొద్దని ప్రెస్‌మీట్లు పెట్టినారు, అందరికీ తెలిసిందే. మంత్రి అయ్యాక ఎమ్మెల్యేకి ఊర్లు దూరం కావడం మన దగ్గర కొత్తేం కాదు, పార్టీ ఏదైనా.

గాలేరు_ఎక్కడ:

అబ్బా సాములూ, అందరూ పీహెచ్‌డీలు చేసినట్టుండారు. గాలేరు-నగరి అని ప్రాజెక్టు పేరులోనే మా ఊరి పేరు పెట్టినారు, నీళ్ళు మాత్రం కడప జిల్లా దాటి రాలేదు. 858తో గెలిచినోళ్ళూ చెప్పినారు, 2,708తో గెలిచినోళ్ళూ చెప్పినారు, 45 వేలతో గెలిచినోళ్ళూ చెప్తా ఉండారు. వెయ్యడుగులు బోరు వేస్తే దుమ్ము వస్తా ఉంది ఈడ, మీరు మెజారిటీలు లెక్కబెట్టుకోండి.

ఈశ్వరాపురం_పెద్దాయన:

గాలేరు తమ్ముడు చెప్పింది తప్పు కాదు. కాకపోతే నీళ్ళు ఎమ్మెల్యే చేతిలో ఉండవు, దర్శనం లెటరు ఉంటుంది. అందుకే జనం చేతనైంది అడుగుతారు, వాళ్ళు చేతనైంది ఇస్తారు. నాకు ఇదేం నచ్చదు కానీ జరిగేది ఇదే.

ఇంకో మాట, ఓడిపోయినాక ఆయన ఇంట్లో కూర్చోలేదు, స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీ అయినాడు. దానికి ఓటేసేది ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు. అంటే మామూలు జనం చేతిలో పోయింది కానీ మండలాల్లో లీడర్లు ఆయన వైపే ఉండారని. 2018 ఫిబ్రవరిలో ఎమ్మెల్సీగా ఉండగానే పోయినాడు, ఆ సీటు ఆయన భార్య సరస్వతమ్మకి ఏకగ్రీవంగా ఇచ్చినారు. ఆ తర్వాతి ఏడాదే కొడుకు నిలబడినాడు. మన జిల్లాలో సీటు అంటే పట్టా భూమి లెక్క అయిపోయింది, శ్రీకాళహస్తిలో బొజ్జల కొడుకు, చంద్రగిరిలో చెవిరెడ్డి తన కొడుకుని నిలబెట్టినాడు, గెలవలేదనుకో. ముద్దుకృష్ణమనాయుడు 83లో వచ్చింది ఎవరి కొడుకుగానో కాదు, అది ఒప్పుకోవాల.

వడమాలపేట_కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. నగరి_మగ్గం అన్న చెప్పిన పాయింట్ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, 2009లో పుత్తూరు పోవడం వల్లనే ఆమె చంద్రగిరికి పోవాల్సి వచ్చింది అనేది. రాత్రి మా నాయనకి ఫోన్ చేసి చదివి వినిపించినా, "చూసినావా నేను చెప్పలా" అన్నాడు. మామకి కూడా వినిపించినా, ఆయనా అదే మాట అన్నాడు.

లెక్కల సార్, ఒక చిన్న డౌటు. పుత్తూరు, వడమాలపేట మండలాల్లో ఎవరికి మెజారిటీ వచ్చింది, నగరి వైపు ఎవరికి వచ్చింది, ఇది విడివిడిగా తెలుసుకోవడానికి ఏమైనా దారి ఉందా? అది తెలిస్తే నాయన కరెక్టా మామ కరెక్టా తేలిపోతుంది కదా.

లెక్కల_సారు:

ఉంది బాబూ. ఫారం 20 అంటారు, రిటర్నింగ్ ఆఫీసర్ సంతకం పెట్టిన ఫైనల్ రిజల్ట్ షీటు, అందులో బూతు నంబరు వారీగా ప్రతి అభ్యర్థికీ ఎన్ని వచ్చినాయో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల అధికారి సైట్‌లో నియోజకవర్గం వారీగా పీడీఎఫ్‌లు పెడతారు. ఫారం 20లో ఊరి పేర్లు ఉండవు, బూతు నంబర్లే. ఆ ఏడాది పోలింగ్ స్టేషన్ల లిస్టు పక్కన పెట్టుకోని ఏ నంబరు ఏ ఊరో మండలం వారీగా కలుపుకోవాల. 2014ది కావాలంటే 2014 లిస్టే చూడు, తర్వాతి ఎన్నికలకి బూతులు పెరిగి నంబర్లు జరిగిపోయినాయి, 2024 లిస్టుతో కలిపితే అంతా తప్పులొస్తాయి. పోస్టల్ బ్యాలెట్లు కింద విడిగా ఉంటాయి, అవి ఏ మండలానికీ కలపొద్దు.

స్కాన్ చేసిన కాగితాలు, కళ్ళు పోతాయి, మెల్లగా చెయ్యి. ఎక్సెల్‌లో వేసినాక ఇక్కడ పెట్టు, పెద్దాయన ఊర్లు సరిచూస్తారు.

ఈశ్వరాపురం_పెద్దాయన:

పుత్తూరు మండలం బూతులు నాకు పంపు, ఏ స్కూల్లో ఏ నంబరో చెప్తా. విజయపురం వైపు నాకు తెలీదు, మగ్గం అబ్బోడిని అడుగు.